మామగారి గోడ మీద 'ఆనందం'

ఈమధ్య బాపట్లలో మా వరండా గోడకు నా పాత అబ్‌స్ట్రాక్టు బొమ్మలన్నీ ఆనించి చూసుకుంటుంటే, వాటిలో లేని ఒక బొమ్మ గుర్తొచ్చింది. దానితో నా పరువు నేనే ఎలా తీసుకున్నానో చెబుతాను, వినండి.

అప్పుడు నేను తెనాలిలో డ్రాయింగు మాస్టారిని. బడిలో పిల్లలకు మామిడిపండు వేయడం నేర్పి, ఇంటికొచ్చి ఎవరూ పోల్చుకోలేని బొమ్మలు వేసేవాణ్ణి. పెళ్లయిన కొత్త. మామగారిది భట్టిప్రోలు, వరి రైతు. "అల్లుడుగారు వేసేది ఏంటమ్మా?" అని కూతుర్ని అడుగుతుండేవారు. మా ఆవిడ "ఆయన్నే అడుగు నాన్నా" అని తప్పించుకునేది. అందుకని ఆయన కొత్త ఇంటి గృహప్రవేశానికి నా బొమ్మే పట్టుకెళ్లి హాల్లో తగిలించాను. ఆ గోడ మీద అది నిలిస్తే ఆయన దృష్టిలో నేనూ నిలుస్తానని ఆశ.

కాన్వాసంతా ఆకుపచ్చ. దాని మీద పసుపు, గోధుమ రంగు సుడులు. పేరు 'ఆనందం'.

మామగారి పక్క పొలం పెద్దాయన దాని ముందు ఆగిపోయి, "అయ్యయ్యో!" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. నా కళకు కదిలిపోయిన మొదటి మనిషి!

"ఏమనిపిస్తోందండి?" అన్నాను.

"ఎవరి చేనండి ఇది?"

"చేను కాదండి. మనసు లోపలి ఆనందం."

"ఏం ఆనందమండి! సుడిదోమ పట్టిన వరి చేను కదా. దుబ్బు మొదట్లో చేరి పీల్చేస్తది. ఇట్టా సుడులు కనపడేటప్పటికే చెయ్యి దాటిపోద్ది."

ఇంకో ఇద్దరు చేరారు. "ఎన్నెకరాలు పోయిందండి?" అన్నాడొకాయన.

నాకు ఒళ్లు మండింది. "ఇలాంటి బొమ్మలో పోలికలు వెతకకూడదండి!"

"వెతకడమెందుకండి, కనపడుతుంటే?"

భోజనాలకు పిలిచినా ఎవరూ కదలరు. ఒక్కొక్కరే మామగారి చెయ్యి పట్టుకుని, పరామర్శకొచ్చినట్టు తలాడించి వెళ్తున్నారు. మా ఆవిడ నా పక్కకొచ్చి, "మీరిక నోరు తెరవకండి" అంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు చూస్తే గోడ ఖాళీ. ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

నెల తర్వాత పనిమీద రేపల్లె వెళ్లాను. బస్టాండు దగ్గర పురుగుమందుల కొట్టులో, డబ్బాల పైన, నా 'ఆనందం'! కింద అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: 'సకాలంలో మందు కొట్టని చేను.'

"ఇది ఎక్కడిదండి?" అన్నాను కొట్టాయనతో.

"భట్టిప్రోలు రైతు ఇచ్చారండి. వాళ్ల అల్లుడు వేశాడంట. 'మా అల్లుడు ఉన్నది ఉన్నట్టు దించేస్తాడు' అని ఎంత గొప్పగా చెప్పుకున్నారో!"

అబ్‌స్ట్రాక్టు బొమ్మలు వేసేవాడికి ఇంతకు మించిన తిట్టు లేదు. అయినా నిజం చెప్పొద్దూ, మామగారు నన్ను మెచ్చుకున్నారని నాకు కళ్లు చెమర్చాయి. ఆ అల్లుణ్ణి నేనేనని చెప్పేశాను.

కొట్టాయన కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. "సార్, అగ్గితెగులుది కూడా ఒకటి వేసిపెట్టండి" అన్నాడు.

వేసిచ్చాను. ఆ రోజే కుంచె పట్టుకుని ఒట్టు కూడా పెట్టుకున్నాను: ఒక రైతుకు చూపించి, ఏ తెగులూ కాదని రూఢి చేసుకున్నాకే తప్ప, ఇక నా బొమ్మ దేనికీ 'ఆనందం' అని పేరు పెట్టను.