ఓడ మునిగిన రోజున నాలుగో మనవి

కోర్టు గేటుకు ఎదురుగా టైపుమిషను పెట్టుకుని అర్జీలు కొట్టే ఆమెను అందరూ టైపక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల, అదే స్టూలు. మనసు మంచిదే గానీ కోపం ముక్కు మీద ఉంటుంది. "ఎవరు ఏం చేశారో రాయని అర్జీ చిత్తుబుట్టకే పోతుంది. నీళ్లు నమలకుండా చెప్పు!" అని వచ్చినవాళ్లను కసురుతుంది. కసిరినా జనం ఆమె దగ్గరికే వస్తారు.

తొమ్మిదేళ్ల క్రితం ప్రయాణికుల ఓడ ఒకటి రేవుకు కనుచూపు మేరలోనే మునిగింది. రెండువందల పద్నాలుగు మంది పోయారు. దేశమంతా మూడు రోజులు ఏడ్చి, నాలుగో రోజు తన పనుల్లో పడిపోయింది. పోయినవాళ్లలో టైపక్క చెల్లెలు ఉంది. తల్లి లేని ఆ పిల్లకి జడలు వేసి, అన్నం కలిపి పెట్టి తనే పెంచింది. లైఫ్ జాకెట్లు ఓడలోనే ఉన్నాయి. మాసిపోతాయని ఓడవాళ్లు గదిలో పడేసి తాళం వేశారు, దరిద్రులు! అంతా సవ్యంగా ఉందని సంతకం పెట్టిన రేవు అధికారి రిటైరై, ఏటా ఆ రోజు చర్చిలో జరిగే పూజకు వచ్చి ముందు వరసలో కూర్చుంటాడు. ప్రార్థనలకు జవాబు చెప్పడంలో ఆయనదే పెద్ద గొంతు. అది వింటే ఆమెకు ఒళ్లు మండిపోతుంది. దేవుడి మీదా కోపమే, అయినా ఒక్క ఆదివారం పూజ మానలేదు. అర్జీ పెట్టుకున్న గుమ్మానికే కదా మళ్లీ మళ్లీ తిరగాలి.

ఈ ఏడు, ఒకరు మనవి చదివితే గుడంతా జవాబు చెప్పే విశ్వాసుల ప్రార్థనలో నాలుగో మనవి ఆమెనే చదవమన్నారు ఫాదర్ గారు. సంఘపెద్ద కాగితం తెచ్చిచ్చాడు. 'విధివశాత్తు మనల్ని విడిచి వెళ్లినవారి ఆత్మశాంతి కోసం' అని ఉంది.

"విధి వచ్చి తాళం వేసిందా బాబాయ్?"

"పూజలో గొడవలెందుకమ్మా? పెద్దవాళ్లొస్తున్నారు. చదివేసి వచ్చెయ్."

ఆమె ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, మిషన్లోకి కొత్తది ఎక్కించింది.

పూజలో మొదటి మూడు మనవులూ అయ్యాయి. ప్రతిదానికీ జనం అలవాటుగా రాగం తీశారు. ఆమె మైకు ముందుకొచ్చింది.

"జాకెట్ల గదికి తాళం వేయించినవాళ్లు, పనికిరాని ఓడకి కళ్లు మూసుకుని సంతకం పెట్టినవాళ్లు, చేసింది నలుగురి ముందూ ఒప్పుకునేదాకా వాళ్లకి మనశ్శాంతి ఇవ్వొద్దని ప్రభువును ప్రార్థిద్దాం."

"ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అంది గుడంతా. ముందు వరస గొంతే అందరికన్నా గట్టిగా పలికింది.

అన్నాక గానీ, దేనికి అన్నారో ఎవరి తలకూ ఎక్కలేదు. అధికారి మొహం మాడిపోయింది. సంఘపెద్ద గబగబా లేచాడు.

"ఏదో పొరపాటు దొర్లింది. ఐదోది కానివ్వండి."

ఆమె మైకు వదల్లేదు. ఫాదర్ గారు ఐదో మనవికి ఎవరినీ పిలవలేదు. వెనక బల్ల మీంచి, ఆ ఓడలోనే కొడుకునీ కోడలినీ పోగొట్టుకున్న ముసలాయన లేచి నిలబడ్డాడు.

"అమ్మాయ్, మళ్లీ చదువు. ఇందాక అలవాటుకొద్దీ అనేశాం. ఈసారి విని అంటాం."

ఆమె మళ్లీ చదివింది. ఈసారి జవాబు రాగం లేకుండా, ఒక్కొక్క మాటే విడివిడిగా వచ్చింది. ముందు వరసలో ఒక్క నోరు మాత్రం తెరుచుకోలేదు.