ఐదు సీవీలు

నాకు లెక్కలొచ్చు, ప్రొటీన్లు రావు. మధురవాడలోని ఓ చిన్న మందుల కంపెనీ నన్ను తీసుకున్నదే లెక్కల కోసం. సన్నని పూసలు నింపిన గాజు గొట్టాన్ని కాలమ్ అంటారు. అందులో ప్రొటీన్లను పట్టించి, ఉప్పునీళ్ల గాఢత పెంచుకుంటూ ఒక్కొక్కదాన్నే విడిపిస్తారు. ఏది ఎప్పుడు బయటికొస్తుందో సమీకరణాలతో ముందే చెప్పి, ఖరీదైన సరుకు ప్రయోగాలకు తగలబడకుండా చూడడం నా పని.

నేను చెప్పినట్టు ఒక్కసారీ రాలేదు. నా కంప్యూటర్ గ్రాఫులో ప్రొటీనుకొకటిగా విడివిడిగా నిలబడే రెండు కొండలు, ల్యాబులో ఒకదాని మీద ఒకటి పడి కూర్చునేవి. ఓ సాయంత్రం మేనేజరు ఆ గ్రాఫు చూసి, "ఇలా కుదరదండీ. రేపు ఐదు సీవీలు పెట్టి చూద్దాం," అన్నారు. ఆయనది కృష్ణా జిల్లా, విసుక్కున్నా మర్యాద తప్పరు.

నాకర్థమైపోయింది. నేరుగా పొమ్మనకుండా, తెలిసిన కంపెనీలకు నా బయోడేటా పంపిస్తానంటున్నారు. ఇంటికెళ్లి, ఉద్యోగం పోయిందని మా ఆవిడతో చెప్పేశాను.

మర్నాడు ఐదు కాపీలు జిరాక్సు తీయించి, అందరూ ఉండగానే మేనేజరు బల్ల మీద పెట్టాను.

"ఇవేంటండీ?"

"మీరడిగిన సీవీలు సార్."

అందర్నీ బావా అని పిలిచే కెమిస్టు పక్కనే ఉన్నాడు, అతనికి ముందు అర్థమైంది. "బావా, సీవీ అంటే కాలమ్ వాల్యూమ్. ఉప్పు పెంచే ముందు, కాలమ్ ఐదుసార్లు నిండేంత బఫర్‌ ద్రావణంతో కడగమన్నారు. నీ సరిత్ర ఎవుడడిగినాడు?"

మేనేజరు గోడవైపు తిరిగిపోయారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అన్నీ మిల్లీలీటర్లలో రాసుకునే నాకు ఆ పొట్టిమాట ఎప్పుడూ చెవిన పడలేదు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ కడుగుడు కలిపి మళ్లీ లెక్క కట్టాను. సాయంత్రానికి ల్యాబులోనూ కొండలు విడిపోయాయి గానీ, వాటిని చూసినవాడు లేడు. అందరికీ నా బయోడేటాయే కావాలి.

ఇంట్లో చెప్పి నవ్వించి, ఆ సిగ్గు కాస్త దులుపుకుందామనుకున్నాను. మా ఆవిడ అప్పుడే బయటినుంచి వచ్చి చెప్పులు విడుస్తోంది. ఉద్యోగం పోలేదని, జరిగిందంతా చెప్పాను. నవ్వలేదు.

"సబ్బవరం ఎల్లొచ్చినానండి. మీకేదైనా పని సూడమని అన్నయ్యని అడిగీసినాను."

మా పెళ్లప్పుడు ఆ అన్నయ్య నన్ను చేతగానివాడన్నందుకు, చచ్చినా నీ గడప తొక్కనని మొహం మీదే చెప్పి వచ్చిన మనిషి మా ఆవిడ. ఒక్కమాట, ఒకే ఒక్కమాట నేను మేనేజర్ని అడిగి ఉంటే సరిపోయేది. సిగ్గుతో ఆవిడ మొహం చూడలేకపోయాను.

"ఏమన్నాడు?" అన్నాను.

"నవ్వినాడండి," అంది.