లక్సెట్టిపేటలో పసుపు బెల్టు

బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లలకు లక్సెట్టిపేటలో ఒక మాస్టారు కరాటే నేర్పుతున్నారని విని, ఆదివారం ఉదయం ఆరున్నరకు కరీంనగర్‌లో బస్సెక్కాను. జగిత్యాలలో టిఫినుకు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ నోరు మండించింది.

ధర్మపురిలో ఒక తల్లి, పద్దెనిమిదేళ్ల కొడుకు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. కుర్రాడి ఒంటిమీద తెల్లటి కరాటే దుస్తులు.

"ఏందవ్వా, పిలగాన్ని లడాయికి తోల్కపోతున్నవా?" అన్నాడు కండక్టర్.

"లడాయి కాదు, పరీచ్చ," అన్నాడు కుర్రాడే. పేరు రాజేశం. నేనూ అక్కడికేనంటే తల్లి లక్ష్మి మాట కలిపింది.

"పోయినసారి బెదిరి మధ్యలనే కూసున్నడు సార్. గీసారి గూడ బెల్టు రాకుంటే బంద్ చేయుమని దుబాయ్ నుంచి వాళ్ల బాపు ఫోన్ల జెప్పిండు. బంద్ చేస్తే మళ్ల ఇంట్లనే పడుంటడు."

రాయపట్నం వంతెన కింద గోదావరి సన్నగా పారుతోంది. తొమ్మిదిన్నరకు దిగాం.

కరాటే నేర్పే పాఠశాల హాల్లో నేలమీద సుద్దతో పాదాల గుర్తులు గీసి ఉన్నాయి. గుద్దును మాస్టారు 'తలుపు నెట్టు' అంటారు. కాలు తిప్పి కొట్టడం 'కల్లం ఊడ్వు'. పిల్లలకు ఇక వేరే వివరణ అక్కర్లేదు.

పరీక్ష పెట్టడానికి కరీంనగర్ నుంచి పెద్ద మాస్టారు వచ్చారు. రాజేశం ఎదుట నిలబడి "రే!" అన్నారు. కరాటేలో అది వంగి నమస్కరించమనే జపాను మాట.

రాజేశం వంగలేదు. మొహం ఎర్రబడింది. లక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రేయ్ అనద్దు. నా పేరు రాజేశం."

మాస్టారు గబగబా వచ్చారు. "ఈడ మేం శనార్తి అంటం సార్. వీళ్లను ఊళ్లె అందరు రేయ్ అనే పిలుస్తరు. గందుకే ఆ మాట తీసేసిన."

 పెద్ద మాస్టారు చేతులు జోడించి, "శనార్తి, రాజేశం," అన్నారు.

రాజేశం నడుము వంచి దండం పెట్టాడు. తలుపు నెట్టాడు, కల్లం ఊడ్చాడు. ఒకసారి పాదం గుర్తు తప్పితే చూసుకుని, సర్దుకుని, చివరిదాకా చేశాడు. పెద్ద మాస్టారే బెల్టు కట్టారు.

మధ్యాహ్నం బస్సులో లక్ష్మి, "సంచిల పెడ్త తే బిడ్డా, మాసిపోతది," అంది.

"నేనియ్య."

"బాపుకు ఫోన్ల ఏం జెప్తవ్ మరి?"

"పసుపుది అచ్చిందని జెప్త. ఇంక ఆకుపచ్చది ఉన్నదని జెప్త."

ధర్మపురిలో వాళ్లు దిగారు. నేను తృప్తిగా కరీంనగర్ చేరాను. ఆ వైపు వెళ్లేవారు ఆదివారం పొద్దున ఆ హాలుకు వెళ్లవచ్చు, ఎవరూ వద్దనరు. పేర్లు మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.