అడ్డం పెట్టిన చెయ్యి

ఆస్పత్రిలో అందరూ ఆమెను ఎక్స్‌రే అక్క అనే పిలుస్తారు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాడైన పెద్ద డాక్టరు కూడా అంతే. ఇరవై రెండేళ్లుగా మెట్ల కింద ఉన్న చల్లటి గదిలో "ఊపిరి బిగబట్టండి... కదలకండి... వదిలెయ్యండి" అంటూ ఊరందరి ఎముకలూ చూసింది. ముఖాలు మరిచిపోతుంది గానీ విరిగిన ఎముకను మరిచిపోదు.

ఆడవాళ్లు తెచ్చే చీటీల్లో తరచూ ఒకటే కారణం ఉండేది: బాత్‌రూమ్‌లో జారిపడింది.

"ఈ ఊళ్లో బాత్‌రూములు ఆడవాళ్లకే నున్నగా ఉంటాయి కాబోలు" అనేది, నవ్వకుండా.

ఉద్యోగంలో చేరిన మూడో ఏట ఆమె మొగుడు కుర్చీ ఎత్తాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. చీటీలో తనూ జారిపడ్డాననే రాయించుకుంది. ఫిల్మును ఒంటిచేత్తో తనే కడిగి, ఆరేదాకా దాన్నే చూస్తూ నిలబడింది. అటునుంచి అటే అక్కగారింటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఈమధ్య ఒక కాలేజీలో స్త్రీలపై హింస గురించి అవగాహన సభ పెట్టారు. మాట్లాడాల్సిన పెద్ద డాక్టరు, అర్జంటుగా ఆపరేషన్ చెయ్యాల్సి రావడంతో, తన బదులు ఆమెను పంపాడు. ముందుగా ప్రిన్సిపల్ లేచి, ఆడపిల్లలు పెందలాడే ఇళ్లకు చేరాలని, ఒంటరిగా తిరగొద్దని అరగంట చెప్పాడు. తర్వాత ఆమె లేచింది. పేషెంట్లను అడిగి, పేర్లు కత్తిరించి తెచ్చిన నాలుగు ఫిల్ములను కిటికీ అద్దానికి అంటించింది.

"ఇది ఎలా విరిగింది?"

"పడి ఉంటారండీ" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు.

"అయితే రా నాయనా, ఇక్కడ పడు."

హాలంతా ఘొల్లుమంది. వాడు వచ్చి తూలి పడబోయాడు. రెండు అరచేతులూ ముందుకొచ్చాయి.

"చూశారా? ఇలా పడితే ఎక్కువగా మణికట్టు విరుగుతుంది. మరి ముంజేతి మధ్యలో, చిటికెనవేలి వైపు ఎముక ఒక్కటే విరగాలంటే?"

మూడో వరసలో ఒక అమ్మాయి, తనకు తెలియకుండానే, ముంజేతిని ముఖానికి అడ్డంగా ఎత్తింది. నవ్వులు ఆగిపోయాయి.

"అంతే తల్లీ. ఈ రెండో ఫిల్ము నాదే" అంది ఆమె.

ప్రిన్సిపల్ గబగబా వచ్చాడు. "మేడమ్, పిల్లలు భయపడతారు. జాగ్రత్తలు చెప్పండి, చాలు."

"జాగ్రత్తలు ఆడపిల్లలకి పుట్టినప్పట్నుంచీ చెప్తూనే ఉన్నారు సార్. ఎముకలు విరుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు మగపిల్లలతో మాట్లాడనివ్వండి."

ఆయన మైకు ఆపించేశాడు. అయినా ఎక్స్‌రే గదిలో అద్దం అవతలి పేషెంట్లకు వినబడేలా మాట్లాడి మాట్లాడి గట్టిపడ్డ గొంతు ఆమెది.

"పక్కింట్లో కొడుతుంటే, మొగుడూ పెళ్లాల గొడవలే అని టీవీ సౌండు పెంచుతారే, ఆ దెబ్బలో మీకూ వాటా ఉంటుంది. తలుపు కొట్టండి. చక్కెర ఉందా అని అడగండి. మీ వల్ల కాకపోతే పోలీసులకి ఫోన్ చెయ్యండి. కానీ విననట్టు ఉండకండి!"

మూడోరోజున కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. పెద్ద డాక్టరు పిలిపించాడు.

"క్షమాపణ రాసిమ్మంటున్నారు అక్కా."

"రాస్తాను సార్. అన్నీ తెలిసి కూడా 'జారిపడింది' అని రాసుకుంటూ వచ్చాం కదా, ఆ ఆడవాళ్లకి రాస్తాను. కాలేజీకి మాత్రం ఒక్క ముక్క రాయను."

ఆయన ఉత్తరం మడిచి సొరుగులో పడేశాడు.

నెల తిరక్కుండానే విద్యార్థులే ఆమెను పిలిచారు. ఈసారి హాలు లేదు, ప్రిన్సిపల్ సంతకం లేదు. కాలేజీ ఎదుటి టీ కొట్టు పైగది. కుర్చీలు చాలక సగంమంది గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె కూర్చోకముందే ఒక అబ్బాయి లేచాడు.

"నిన్న పై పోర్షన్‌లో అరుపులు వినబడితే వెళ్లి తలుపు కొట్టానండీ. ఆయన నన్ను తిట్టాడు గానీ, కొట్టడం ఆపాడు. ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడు. ఆవిడకేం కావాలో ముందు అడుగు" అంది ఎక్స్‌రే అక్క. "మళ్లీ అరుపులు వినబడితే, మళ్లీ కొట్టు తలుపు. ఈసారి నలుగురు కలిసి వెళ్లండి."