ఫొటోలన్నీ టీ కొట్టు దగ్గరే

మా ఆయన పోయిన ఏడాదిన్నరకి గానీ ఆయన కంప్యూటర్ తెరవలేదు. తెరిస్తే లోపల వేల ఫొటోలు. అన్నీ పులికాట్ సరస్సులో గూడబాతులు, కొంగలు. ఏ ఫొటో ఎక్కడ తీశాడో ఒక్కదానికీ రాసి లేదు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు చేసినదాన్ని, చిరునామా లేని కవరు కనిపిస్తే నాకు అన్నం సయించదు. వీటికి చిరునామాలు వేద్దామని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, సూళ్లూరుపేటలో ఆ ఇంట్లో సాయంత్రాలు గడవక కూర్చున్నాను.

ఆయన కెమెరాకి జీపీఎస్ లేదు. ఆయన ఫోన్ బటన్ల ఫోన్. అందుకని ఆదివారం పొద్దున ఇద్దరం సరస్సు ఒడ్డున తడ వైపు బయలుదేరేటప్పుడు నా ఫోన్‌లో ఒక యాప్ ఆన్ చేయించేవాడు. మనం తిరిగిన దారినంతా అది నిమిషాలతో సహా రాసుకుంటుంది. ఫొటో తీసిన సమయాన్ని ఆ దారిలోని సమయంతో కలిపితే, ఏ ఫొటో ఏ చోటుదో కంప్యూటరే చెబుతుంది. ఆ దారులన్నీ వారం వారం దాచాడు గానీ ఎప్పుడూ ఫొటోలతో కలపలేదు. బద్ధకం అనుకున్నాను.

వీడియోలు చూసి నేనే నేర్చుకున్నాను. మొదటిసారి కలిపితే గూడబాతులన్నీ మా వంటింట్లో దిగాయి. ఫోన్ లండన్ సమయం రాసుకుందట, కెమెరా మన సమయం. ఐదున్నర గంటల తేడా. ఇంటికొచ్చాక యాప్ ఆపడం మరిచిపోయే అలవాటు నాది, అందుకని పొద్దున తీసిన పక్షులు మధ్యాహ్నం నేను వంట చేస్తున్న చోటికి వచ్చి కూర్చున్నాయి. చాలా రోజులకు పైకి నవ్వాను. వినేవాళ్లు లేకపోయేసరికి ఆ నవ్వు సగంలోనే ఆగింది.

తేడా సరిచేసి మళ్లీ కలిపాను. ఈసారి ఫొటోలన్నీ సరస్సు ఒడ్డున టీ కొట్టు దగ్గర పడ్డాయి. నడి నీళ్లలో ఈదుతున్న గూడబాతు, టీ కొట్టు. రెల్లులో గుడ్ల మీద కూర్చున్న పిట్ట, టీ కొట్టు. మూడు చలికాలాల ఫొటోలకు మ్యాపు మీద ఒకటే చుక్క. పనికిమాలిన ప్రోగ్రాం అని తిట్టుకున్నాను. తిట్టడం అయ్యాక అర్థమైంది. ఫోన్ ఉండేది నా దగ్గర. నేను ఏనాడూ టీ కొట్టు దాటలేదు.

మోకాళ్ల నొప్పులని చెప్పేదాన్ని. అంత నొప్పులేమీ లేవు. "పక్షుల్ని చూసేదానికి బురదలో అంత దూరం నడవాలా? టీవీలో చూపించరా?" అని విసుక్కుని బెంచీ మీద కూర్చునేదాన్ని. ఆయన మూడు గంటల తర్వాత ప్యాంటంతా బురదతో తిరిగొచ్చేవాడు. "ఫోను మీరే తీసుకుపోండి" అని ఒకసారి అన్నాను కూడా. "నీ దగ్గరే ఉండనీ. నువ్వే పట్టుకొని రారాదా" అన్నాడు. నేను రెండో టీ చెప్పాను. ఆయన అడిగింది ఫోన్ గురించి కాదని అప్పుడు తట్టలేదు. ఇంత మొద్దు మనిషితో ఆయన ఎలా వేగాడో.

ఆయన కూర్చున్న చోటు ఒక్కటైనా చూడాలనిపించింది. చాలా ఫొటోల్లో ఒక పక్కగా విరిగిన పడవ, దాని వెనక రెండు తాటిచెట్లు కనిపించేవి. ఆ ఫొటో ఒకటి ఫోన్‌లో వేసుకుని, తడలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాను. టీ కొట్టు దాటి గట్టు మీద ముప్పావుగంట నడిచాను. మోకాళ్లు నిక్షేపంగా ఉన్నాయి.

పడవ దొరికింది. దాని పక్కన ఒకామె వలలోంచి చేపలు విదిలిస్తోంది. ఫొటో చూపించి, ఇది తీసినాయన్ను ఎప్పుడైనా చూశావా అని అడిగాను.

"కెమెరా సారు గదమ్మా? ఈడనే కూర్చోనుండేది" అని, పడవ నీడలో గట్టు చూపించింది. "పొద్దున మా సద్దన్నం టైముకి మేమే పిలిచి ఇంత పెట్టేవోళ్లం. పాపం, ఆ సారుకి ఎవురూ లేరేమో అనుకున్న్యాం."

గట్టు మీద కూర్చున్నాను. ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకున్నాను. ఎదురుగా నీళ్లు, దూరంగా తెల్లటి పక్షులు. ఆయన లేకుండా చూడటానికి అందులో పెద్దగా ఏమీ లేదు.

"మీకేమవతాడమ్మా ఆ సారు?" అని అడిగిందామె, వల దులుపుతూనే.

తెలిసినాయన అన్నాను. భార్యనని చెప్పడానికి నాకు నోరు రాలేదు.