రెండు ఈలలు

ఓర్తా సరస్సు పడమటి గట్టున ఒర్సోలా ముప్పై ఒక్కేళ్ళు ఆదివారం నడకలకు వచ్చే జనాన్ని నడిపించింది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. పొగరని కొందరు అనేవారు, మెడ పట్టేసిందని ఇంకొందరు. నిజానికి అది నియమం. ఆ కొండదారుల్లో గుంపుతో వెళ్ళేటప్పుడు ముందు దారి తెలిసిన మనిషి ఉండాలి, అందరికంటే చివర 'చీపురు' ఉండాలి. చీపురంటే తిట్టు కాదు, పదవి. వెనకబడ్డవాళ్ళనీ, కాలు బెణికినవాళ్ళనీ, పువ్వు కనబడితే చాలు చతికిలబడేవాళ్ళనీ ఊడ్చుకుంటూ వచ్చే మనిషన్నమాట. ముందు ఒర్సోలా నడిచేది. చివర ఆమె మొగుడు గౌదెంజియో.

"ముందున్నదంతా నీది, వెనకున్నదంతా నాది. నా దాంట్లో తల దూర్చకు," అని మొదటి ఆదివారమే చెప్పాడాయన.

చెప్పింది వినే రకం కాదు ఒర్సోలా. కానీ పంతం పట్టే రకం. దూర్చనంటే దూర్చలేదు.

ఆమె సంచికి మేకగంట కట్టి ఉండేది. ఆయన మెడలో రేకు ఈల. దారిలో అయిదు చోట్ల ఆగేవారు. ఆగిన చోటల్లా ఆమె నీళ్ళకేసి తిరిగి కథలు చెప్పేది. వెనకనుంచి రెండు ఈలలు వినిపిస్తే అందరూ వచ్చేశారని అర్థం. అప్పుడు గంట కదిలేది. ఆదివారాల్లో ఆ మొగుడూ పెళ్ళాల మధ్య నడిచే మాటామంతీ అంతే. మిగతా ఆరు రోజుల పోట్లాటలకన్నా అదే నయమని మనవరాలు నోయెమీ అనేది.

గౌదెంజియో బతుకంతా కుళాయిల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇత్తడి కుళాయిలకు మెరుగు పెట్టేవాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు వంటింట్లోకి దూరి కుళాయి తిప్పి చూసేవాడు, తర్వాతే పలకరింపు. ఫిబ్రవరిలో ఒక పొద్దున, పొయ్యిమీద కాఫీ గిన్నె బుసకొడుతుండగా, కుర్చీలో అలాగే ఒరిగిపోయాడు.

"కుళాయి కట్టేసినట్టు పోయాడు," అని ఒర్సోలా అందరికీ చెప్పుకుంది. ఫాదరీకి చెప్పింది, రొట్టెల కొట్టు ఆవిడకు చెప్పింది, పోస్టుమాన్‌ను ఆపి మరీ చెప్పింది. "ఒక్కరోజు మంచం పట్టలేదు. ఒక్క మూలుగు లేదు. నొప్పి ఉంటే నాకు తెలీదా?" ఆమెకు మిగిలిన ఊరట అదొక్కటే. రోజూ దాన్ని తీసి తుడిచి మళ్ళీ దాచుకునేది.

ఏప్రిల్ చివర నడకలు మొదలుపెట్టే వేళయింది. నడక సంఘం కార్యదర్శి ఫెర్మో ఇంటికొచ్చి, టోపీ చేతుల్లో నలుపుతూ కూర్చున్నాడు.

"ఒర్సోలా అక్కా, చీపురు లేకుండా నడక లేదు. రూలు నేను పెట్టింది కాదు."

"మీ నాన్నకు ఆ రూలు నేర్పింది నేనే. ఒక్క ఆదివారం వదిలి చూడు. అందర్నీ నాలుగింటి పడవకు చేరిస్తే నేనొక్కదాన్నే చాలు. చేర్చలేకపోతే గంట తెచ్చి నీ బల్లమీద పెడతాను."

నోయెమీ గుమ్మంలో నిలబడి వింటోంది. హోటల్ పని నేర్పే బడి మధ్యలో మానేసి పడవరేవులో టికెట్లు చింపే పిల్ల. "నేనొస్తా చీపురుగా. నాకు చివర ఉండటం బాగా అలవాటు, బడిలో అడుగు."

"నువ్వొద్దు."

"ఎందుకే అమ్మమ్మా?"

"ఆ చోటు ఖాళీగా లేదు," అంది ఒర్సోలా. "సరే, ఒక్క ఆదివారం," అని ఫెర్మో కాఫీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆరుగురొచ్చారు. తురీనో నుంచి కొత్తగా పెళ్ళయిన జంట, ఎప్పుడూ ఒకేసారి మాట్లాడే ముగ్గురు అక్కచెల్లెళ్ళు, మిలానో నుంచి బోన్‌ఫాంటీ అనే పెద్దాయన. రిటైరైన ట్రామ్ డ్రైవరు. కాళ్ళకు పాత తోలు బూట్లు, పదిహేనేళ్ళుగా అల్మరాలోంచి బయటికి తీయనివి. "ఇంకా కొత్తవే," అన్నాడు గర్వంగా. గౌదెంజియో ఉంటే ఆ బూట్ల అడుగు ఒకసారి వేలితో నొక్కి చూసేవాడు.

మొదటి మజిలీ బట్టలుతికే రాతితొట్ల దగ్గర. ఒర్సోలా నీళ్ళకేసి తిరిగి మొదలుపెట్టింది. మిగతా సరస్సుల నీళ్ళు దక్షిణానికి, మైదానం వైపు పోతాయి. ఓర్తా నీళ్ళు మాత్రం ఉత్తరానికి, కొండలకేసి పోతాయి. అక్కడి మనుషులూ అంతే, అందరూ ఎటంటే దానికి ఎదురు. తర్వాత ఫ్యాక్టరీల కథ. విషం కలిసి సరస్సులో చేపన్నది లేకుండా పోయింది. ఏళ్ళ తరబడి చచ్చిన నీళ్ళు. అప్పుడు ఆ విషం విరగడానికి పడవలతో సున్నం తెచ్చి పోశారు.

"అలా చచ్చిపోయిన సరస్సు మళ్ళీ..." అని ఆగింది. ముప్పై ఒక్కేళ్ళుగా చెబుతున్న మాట. మిగతా సగం నోట్లోంచి రాలేదు.

ఆగి నిలబడింది. నీళ్ళు చూస్తూ నిలబడింది. అక్కచెల్లెళ్ళు చాక్లెట్ పంచుకున్నారు, తిన్నారు, కాగితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు. పెళ్ళికొడుకు దగ్గాడు.

"అమ్మా, అందరం ఇక్కడే ఉన్నాం," అంది పెద్దక్క మెల్లగా. "ఎవరి కోసమైనా చూస్తున్నామా?"

రెండు ఈలల కోసం చూస్తోంది ఒర్సోలా. అది తెలిసేసరికి చెవుల చివర్ల దాకా ఎర్రబడింది. "గాలి ఎటుందో చూస్తున్నాను," అని గంట గలగలలాడించి నడక అందుకుంది. ఆకు కూడా కదలని పొద్దు అది.

ఆ సిగ్గే కొంప ముంచింది. మళ్ళీ అలా నిలబడిపోతానేమోనని, రెండో మజిలీ దగ్గర అసలు ఆగనేలేదు. అది లోయకు అవతలి గట్టున చిన్న గుడి, మేరీమాత బొమ్మ ఉన్నది. నడుస్తూనే శిలువ గుర్తు వేసుకుని సాగిపోయింది. మూడో మజిలీలో, చెస్ట్‌నట్ చెట్ల కింద, రొట్టే చీజూ విప్పుకున్నాక కొత్త పెళ్ళికూతురు అటూ ఇటూ చూసింది.

"ట్రామ్ తాతగారేరీ?"

అప్పుడు ఒర్సోలా వెనక్కి తిరిగింది. ముప్పై ఒక్కేళ్ళలో మొదటిసారి. దారి అక్కడే ఉంది, ఎండా నీడా పడి. మనిషి లేడు.

"మీరు కదలకండి," అని ఆ అయిదుగురికీ చెప్పి వెనక్కి బయల్దేరింది. డెబ్భై మూడేళ్ళ మనిషి ఆ దిగుడులో పరుగులాంటిది పెట్టింది. సంచికున్న గంట తప్పిపోయిన మేకను వెతుక్కుంటున్నట్టు ఒకటే మోత.

గుడి దాటి, లోయ దాటి, జాకొమీనా ఇంటి మలుపు తిరిగితే కనబడ్డాడు బోన్‌ఫాంటీ. గోడ పక్కన గడ్డి అల్లిన కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో బూటు అడుగు, అట్టలా ఊడి వచ్చింది. మరో చేతిలో వైన్ గ్లాసు. జాకొమీనా ఆ ఇంట్లో మేకలతో ఒంటరిగా ఉండే ముసలావిడ. ఎదురుగా నిలబడి ఆయనకు చీజ్ కోసి పెడుతోంది.

"అయ్యో, ఒర్సోలానా!" అంది జాకొమీనా. "నీకు ముఖం కూడా ఉందన్నమాట! ముప్పై ఏళ్ళుగా ఈ గుమ్మం ముందు నీ వీపే చూశానే తల్లీ."

"నీ వెటకారం తర్వాత. ఏమండీ, ఒక్క కేక వెయ్యొచ్చు కదా?"

"వేశానమ్మా," అన్నాడు బోన్‌ఫాంటీ నొచ్చుకుంటూ. "మీరు ఎదురుగా ఆ గుడి ముందునుంచి పోతుంటే ఇక్కణ్ణుంచి చక్కగా కనిపించారు. ఎర్ర రుమాలు. రెండు సార్లు పిలిచాను. ఇటు చూస్తే కదా మీరు."

ఒర్సోలా కుర్చీని చూసింది. వర్షాలకు నలుపెక్కింది. గోడకు ఆనే చోట సున్నం అరిగి, వీపంత నున్నని మచ్చ పడింది.

"ఇక్కడ ఈ కుర్చీ ఏంటి?"

"ఏంటంటే? మీ ఆయనదే."

"మా ఆయనకు కుర్చీ దేనికి?"

జాకొమీనా చేతిలో కత్తి చీజ్ మధ్యలో ఆగిపోయింది. "నీకు తెలీదా?"

ఒర్సోలా గోడ మీది నున్నని మచ్చను వేళ్ళతో తడిమింది.

"తెలుసనుకున్నానే. పెళ్ళానివి గదా," అంది జాకొమీనా. గొంతులో వెటకారం పోయింది. "ముందటేడాది చెస్ట్‌నట్లు రాలే రోజుల్లో మొదలైంది. మీ వాళ్ళంతా మలుపు దాటాక, చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని ఈ గోడకు ఆనుకునేవాడు. మొహం సున్నంలా ఉండేది. చూడలేక కుర్చీ వేశాను. ఎండలో ఎందుకయ్యా, నీడలోకి జరుపుతానంటే వద్దనేవాడు. ఇక్కడే ఉండనీ అనేవాడు."

"డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పలేదూ?"

"చెప్పకేం, చెప్పాను. 'దానికి తెలిస్తే ఆదివారాలు ఆపేస్తుంది జాకొమీనా, నన్ను దుప్పట్లో చుట్టి కూర్చోబెడుతుంది' అన్నాడు. నువ్వు గుడి దగ్గరికి చేరి నీళ్ళకేసి తిరిగేదాకా చూసేవాడు. అప్పుడు ఈల ఊదేవాడు."

"ఎక్కణ్ణుంచి?"

"ఇక్కణ్ణుంచేనే. కూర్చునే. రెండు సార్లు ఊది, నువ్వు కదిలాక ఇంకాస్త సేపు కూర్చుని, ఆ తర్వాత అడ్డదారిన పడి పోయేవాడు, మిమ్మల్ని అందుకోడానికి."

ఒర్సోలా గుడి వైపు చూసింది. లోయకు అవతల, చెయ్యి చాస్తే అందేటంత దగ్గరగా ఉంది. అక్కడ నిలబడి ఒక్కసారి మెడ తిప్పి ఉంటే చాలు. కుర్చీ, కుర్చీలో మనిషి, ఛాతీ మీద చెయ్యి, అన్నీ కనబడేవి. ఏడాదికి పైగా ఆదివారాలు. అందరూ వచ్చేశారని ఈల చెప్పింది, ఆమె నమ్మింది. ఒకరు మాత్రం ప్రతిసారీ రాలేదు.

ఆమె ఏడవలేదు. "వైరు ముక్క ఉందా?" అని అడిగింది.

జాకొమీనా కిటికీ గట్టు మీదనుంచి సన్నటి వైరు చుట్ట తెచ్చి ఇచ్చింది. అదీ ఆయన వదిలేసి పోయిందే, ఊడిన బూట్ల కోసం. ఒర్సోలా నేలమీద మోకాళ్ళు ఆన్చి బోన్‌ఫాంటీ బూటుకు అడుగు కట్టింది. మూడు చుట్లు తిప్పింది, ముడి సరిగ్గా పడలేదు, విప్పి మళ్ళీ కట్టింది.

"మీ వారు మంచివారై ఉండాలి," అన్నాడు బోన్‌ఫాంటీ ఏమనాలో తెలీక.

"అబద్ధాలకోరు," అంది ఒర్సోలా. ముడి పంటితో బిగించింది.

ట్రామ్ తాతగారు ఆ బూటుతో కుంటుకుంటూ నడిచాడు. ఒర్సోలా ఆయన వెనకే నడిచింది. చెట్ల కింది అయిదుగురినీ కలుపుకుని రేవు చేరేసరికి నాలుగుంపావు. నాలుగింటికి నోయెమీ కాసేపు తాడు ముడి విప్పలేనట్టు నటించింది, ఇంకాసేపు టికెట్ల లెక్క తప్పినట్టు నటించింది. అలా పది నిమిషాలు పడవను ఆపింది. పదకొండో నిమిషం ఆపలేకపోయింది. రేవులోకి వచ్చినవాళ్ళకు నీళ్ళ మీద తెల్లటి చార మాత్రం కనబడింది.

"అమ్మమ్మా, ఏమైందే? మొహం అలా ఉందేం?"

"బూటు ఊడింది," అంది ఒర్సోలా.

మర్నాడు గంట తీసుకెళ్ళి ఫెర్మో బల్లమీద పెట్టింది. ఫెర్మో మర్యాదస్తుడు, గెలిచినా నవ్వలేదు.

"అయితే నడక ఆపేద్దామంటావా అక్కా?"

"ఆపమని ఎవరన్నారు? గంట నోయెమీకివ్వు. ముందు అది నడుస్తుంది."

"నోయెమీయా! దానికి చెస్ట్‌నట్ చెట్టుకూ ఓక్ చెట్టుకూ తేడా తెలీదే!"

"వచ్చేవాళ్ళకూ తెలీదు. నోరుంది దానికి, చాలు."

"మరి చీపురు?"

"నేను."

ఆ సాయంత్రం రొట్టెల కొట్టులో కొత్తగా వచ్చిన ఆవిడెవరో, "మీ ఆయన ఎలా పోయాడమ్మా?" అని అడిగింది. కొట్టు ఆవిడ కుళాయి మాట కోసం చూసింది. ఒర్సోలా రొట్టె సంచిలో వేసుకుని, "పోయాడు," అంది.

తర్వాతి ఆదివారం నోయెమీ పసుపు కోటు వేసుకుని ముందు నడిచింది. నోటికొచ్చిన చెట్ల పేర్లన్నీ చెప్పింది. వెనక్కి తిరగొద్దని అమ్మమ్మ చెప్పనూ లేదు, తిరగమనీ చెప్పలేదు. జాకొమీనా ఇంటి మలుపులో ఆఖరి మనిషి దాటిపోయాక, ఒర్సోలా గోడ పక్కన ఆగింది. జాకొమీనా తలుపు దగ్గరకు వచ్చి చూసి, మళ్ళీ లోపలికి పోయింది. కొన్నిసార్లు ఆవిడకూ నోరు మూసుకోవడం తెలుసు.

ఒర్సోలా కుర్చీలో కూర్చుంది. ఎండ సూటిగా కళ్ళల్లో పడుతోంది. ఇంత ఎండలో ఎలా కూర్చునేవాడో ఈ మనిషి! చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. లోయ అవతల పసుపు కోటు ఎక్కుతోంది, చిన్నదవుతోంది. గుడి ముందు ఆగింది. అక్కడ ఏళ్ళ తరబడి ఎర్ర రుమాలు ఆగేది.

నోయెమీ ఎవరి నియమాలూ పాటించే పిల్ల కాదు. సరస్సుకేసి కాదు, తిన్నగా ఇటే తిరిగింది.

ఒర్సోలా ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచి నిలబడింది, తప్పు చేస్తూ దొరికినట్టు. లేచాక తెలిసింది. తను ఒకవేళ తిరిగి చూసి ఉన్నా, ఆయన కూడా ఇలాగే లేచి నిలబడేవాడు. చెయ్యి ఛాతీ మీదనుంచి తీసి ఊపేవాడు. ఏమీ కనబడేది కాదు. ఆ ఆలోచన ఊరటో కోతో ఆమెకు తేలలేదు.

మెడలోని రేకు ఈల నోట్లో పెట్టుకుంది. మొదటిది సరిగ్గా రాలేదు, గాలి మాత్రం పోయింది. రెండోది బాగానే మోగింది. రెండు వినబడాలి గనక ఇంకొకటి ఊదాల్సి వచ్చింది. అవతల గట్టున గంట కదిలింది. ఒర్సోలా కుర్చీని గోడకు ఆనించి, నీడలోకి జరపకుండా, వాళ్ళ వెనక నడిచింది.