నఫీసా ఆంటీ రాయించిన కాగితం

మొన్న శనివారం పొద్దున మా బ్లాకు లిఫ్టులో ఎవరో లవంగం నములుతున్నారు. తలుపు మూసుకోగానే ఆ ఘాటు వాసన గుప్పున తగిలింది. కింది అంతస్తు వచ్చింది, తలుపు తెరుచుకుంది, అందరూ దిగారు. నేను మాత్రం చేతిలో ఫైళ్ళతో అలాగే నిలబడిపోయాను. నఫీసా ఆంటీ దవడలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎక్కడో ఒకచోట ఆ వాసన తగలగానే, నేనేదో తప్పు చేసి దొరికిపోయినట్టు అనిపిస్తుంది.

ఆమెను తెలియని వాళ్ళకు ఆమె గురించి చెప్పాలంటే, ముందు ఆమె లాయరు కాదని చెప్పాలి. ఆ మాట ఆమే అందరికంటే ముందు చెప్పేది. హైదరాబాదులో పుట్టి, పెళ్ళయ్యాక సింగపూర్ వచ్చి, పాయా లేబర్‌లో ఒక లాయరు దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. రిటైరయ్యాక బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకు కింద ఉన్న చిన్న గదిలో ప్రతి శనివారం ఒక బల్ల వేసుకుని కూర్చునేది. కష్టం చెప్పుకోవడానికి ఎవరైనా రావచ్చు. ఏ కాగితం కావాలో, ఏ ఆఫీసుకు వెళ్ళాలో, ఎక్కడ నిజంగా లాయరు అవసరమో చెప్పేది. "నేను తోవ చెప్తా, అంతే. కేసు గెలిపిచ్చేదాన్ని కాదు" అనేది.

నేను ఆమె దగ్గరికి మొదటిసారి వెళ్ళింది బట్టలుతికే మెషీను గురించి. కొన్న రెండు నెలలకే చెడిపోయింది. దుకాణం వాళ్ళు రెండుసార్లు బాగుచేశారు, రెండుసార్లూ వారం తిరక్కుండానే ఆగిపోయింది. మూడోసారి వెళితే నాకు వాడటం రాదన్నారు. చంకలో పాపతో ఆ గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చోకుండానే ఆ దుకాణం మనిషి నన్ను ఎలా చూశాడో, ఏమన్నాడో చెప్పడం మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"గవన్నీ తర్వాత. నీకేం గావాలె బేటా? బాగుచేసియ్యాల్నా, కొత్తది గావాల్నా, ఆయనతోటి సారీ చెప్పిచ్చాల్నా?"

నేను ఆలోచించాను. నిజానికి నాకు కావలసింది మూడోదే. ఆ మాటే చెప్పాను. ఆమె నవ్వింది. "సారీ చెప్పిచ్చే కోర్టు లేదు. మిగిలిన రెంట్ల ఒకటి తీస్కో."

కొన్న ఆరు నెలల్లోపు వస్తువు చెడిపోతే, లోపం మొదటినుంచీ ఉన్నట్టే చట్టం లెక్కలోకి తీసుకుంటుందనీ, లేదని చూపించాల్సింది అమ్మినవాళ్ళేననీ అప్పుడే నాకు తెలిసింది. ఉత్తరం మాత్రం ఆమె రాసిపెట్టలేదు, నాతోనే రాయించింది. నేను రాసిన రెండు పేజీల్లోంచి కోపమంతా కొట్టేసింది. తేదీలు మిగిలాయి, అర పేజీ అయింది. పదిరోజుల్లో కొత్త మెషీను వచ్చింది. స్వీట్ల పెట్టె పట్టుకుని వెళితే దాన్ని పక్కన పెట్టి, "నీ దస్తూరి మంచిగుంది. శనివారాలు వచ్చి రాసిపెడ్తవా?" అని అడిగింది. అలా ఆమె పక్కన ఏడేళ్ళు కూర్చున్నాను.

ఆ ఏడేళ్ళలో ఆమె నన్ను గట్టిగా మందలించింది ఒక్కసారే. ఊళ్ళోనే బూన్ లే వైపు నుంచి సునీత అనే అమ్మాయి వచ్చింది. భర్త కొడుతున్నాడు, రక్షణ కోసం కోర్టును అడగాలి. "మా ఆయన కొంచెం కోపిష్టి అండీ, అప్పుడప్పుడూ చెయ్యి చేసుకుంటాడు" అంది ఆమె. నేను ఇంగ్లీషులో "నా భర్త స్వభావరీత్యా క్రూరుడు" అని రాశాను. ఆంటీ చదివి కాగితం నా ముందుకు తోసింది.

"ఈమె ఇట్లన్నదా?"

"అర్థం అదే కదా ఆంటీ."

"అర్థం జడ్జి చూస్కుంటడు. నువ్వు ఆమె మాట రాయి. ఏ రోజు, ఏ అర్రల, ఏ చెయ్యితోటి. ఆమెకు లేని మాట నువ్విస్తే, రేపు అక్కడ నిలబడి ఆ మాటకు జవాబు చెప్పాల్సింది ఆమెనే."

మళ్ళీ మొదలుపెట్టాం. మూడు గంటలు పట్టింది. క్రూరుడు అన్న మాటకు కళ్ళు తడవని సునీత, అన్నం గిన్నె ఏ గోడకు తగిలిందో చెప్పేటప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. కోర్టు ఆమెకు రక్షణ ఆర్డరు ఇచ్చింది. నాలుగు నెలలకు ఆమె మళ్ళీ ఆ భర్త దగ్గరికే వెళ్ళిపోయిందని తెలిసి నేను మండిపడ్డాను. ఆంటీ మాత్రం కోప్పడలేదు. "తోవ మనం చెప్తం. నడిచేది ఆమె. మళ్ళొస్తే మళ్ళ చెప్తం" అంది.

తర్వాత ఒక శనివారం షిప్‌యార్డులో పనిచేసే ఒకాయన వచ్చి మా బల్ల ముందు నిలబడ్డాడు. జీతం గురించి ఆయన పెట్టిన ఫిర్యాదుకు విచారణ తేదీ కాగితంలో స్పష్టంగానే ఉంది. ఆంటీ దాన్ని చూసి కూడా మరుసటి రోజు అని చెప్పిందట. పాపం, ఆయన ఆమె మాట నమ్మి మరుసటి రోజే వెళ్ళాడు. అప్పటికే ఆయన ఫిర్యాదు కొట్టేశారు. మళ్ళీ విచారణకు తీసుకోమని అడగడానికి నేను అర్జీ రాసిచ్చాను. ఆంటీ ఆ తేదీ ఉన్న కాగితాన్నే చూస్తూ కూర్చుంది. ఆయన వెళ్ళాక గది తాళం చెవి నా ముందు పెట్టింది.

"ఇయ్యాల్టి నుంచి నేను ఎవ్వరికీ చెప్ప. ఈ మధ్య నాకు పేర్లు గూడ యాదికొస్తలేవు. నువ్వు చూస్తనే ఉన్నవ్, చెప్తలేవు."

నిజమే, చూస్తూనే ఉన్నాను. చెప్పే ధైర్యం లేకపోయింది.

డాక్టరు పరీక్షలు చేసి మతిమరుపు జబ్బేనని తేల్చాడు. వారం తిరక్కుండా ఆంటీ నన్ను ఇంటికి పిలిపించింది. మనిషికి బుద్ధి పనిచేయని రోజు వస్తే తన తరఫున ఎవరు నిర్ణయించాలో, బుద్ధి ఉండగానే రాసిపెట్టుకునే కాగితం ఒకటి సింగపూర్‌లో ఉంది. ఎంతమందితోనో ఆమె రాయించింది. ఇప్పుడు తన కాగితంలో నా పేరు రాయమంది.

"హైదరాబాదులో మీ తమ్ముడున్నారు కదా ఆంటీ?"

"వాడు నన్ను చూసి ఏడుస్తడు. ఏడ్చుకుంట నేనేదంటే అది ఇంటడు. ఆ రోజు నా మాట ఇనేటోళ్ళు నాకొద్దు. ఒక్కదాన్ని ఉండలేని రోజు నన్ను వృద్ధాశ్రమంల చేర్పియ్యి. పోనంటా, తిడ్త. నువ్వు చెయ్యి."

సంతకం ముందు డాక్టరు నన్ను బయట కూర్చోబెట్టి, ఆమెను ఒంటరిగా ప్రశ్నలడిగాడు. బయటికొచ్చి, "అన్నీ మంచిగ చెప్పిన" అంది, పరీక్ష రాసొచ్చిన పిల్లలా.

రెండేళ్ళు గడిచాయి. ఒకసారి ఎల్ఆర్‌టీ రైలు స్టేషన్‌లో దారి తెలియక కూర్చుండిపోయింది. రెండుసార్లు గ్యాసు ఆర్పడం మరిచిపోయింది. రెండోసారి పక్కింటివాళ్ళు తలుపు విరగ్గొట్టాల్సి వచ్చింది. ఆమె ఇక తన నిర్ణయాలు తాను తీసుకోగల స్థితిలో లేదని డాక్టరు రాసిచ్చాడు. నేను ఒక వృద్ధాశ్రమంలో మంచం ఖాయం చేశాను.

ఆ రోజు ఆమెకు నేను నిజం చెప్పలేదు. "చెకప్‌కు వెళ్దాం ఆంటీ" అన్నాను. బుద్ధిగా చెప్పులు వేసుకుంది. టాక్సీ మేమెప్పుడూ వెళ్ళే ఆస్పత్రి దారి దాటగానే నా చెయ్యి పట్టుకుంది. "ఇటు కాదు గదా?" నేను కిటికీ వైపు తిరిగాను. ఆశ్రమం గేటు దగ్గర ఆమెకు అంతా అర్థమైంది. "మోసం చేసినవ్! ఎవరిచ్చిండ్రు నీకు హక్కు?" అని అరిచింది. ఆమె సంతకం నా సంచిలోనే ఉంది. తీసి చూపించాను. చూసింది. "ఎవరిదిది?" అంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. నన్ను గుర్తుపట్టేది కాదు. ఒక ఆదివారం మాత్రం వరండాలో బల్ల ముందు నిటారుగా కూర్చుని ఉంది. నన్ను చూసి ఎదుటి కుర్చీ చూపించింది. "కూసో బేటా. ఏమైంది?" అంది. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన మనిషిననుకుంది. నాకేమైందో, నిజంగానే చెప్పడం మొదలుపెట్టాను. ఒక పెద్దావిడ నన్ను నమ్మి కాగితం రాసిందనీ, ఆమె అన్నట్టే చేశాననీ, అయినా నాకు నిద్ర పట్టడం లేదనీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"సంతకం పెట్టిందా?"

"పెట్టింది."

"డాక్టరు రాసిచ్చిండా?"

"రాసిచ్చాడు."

"తీస్కపోయేటప్పుడు, యాడికి తీస్కపోతున్నవో ఆమెకు చెప్పినవా?"

"లేదు. చెకప్ అని చెప్పాను."

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది తప్పు. కాగితం ఉన్నా తప్పే. చెప్తే ఏడుస్తుండె. ఏడ్వనియ్యాల్సింది."

నేను ఆమె చేతులు పట్టుకున్నాను. "క్షమించండి ఆంటీ. ఇంటికి పోవాలనుందా మీకు?" అని అడిగాను. అప్పటికే చూపు మారిపోయింది. వరండా చివర ఎవరో అన్నం బళ్ళు తోసుకొస్తుంటే అటు చూస్తోంది. మరో రెండు నెలలకు నిమోనియాతో పోయింది. ప్రాణం పోయిన క్షణంతో ఆ కాగితం బలం కూడా పోతుంది. హైదరాబాదు నుంచి వచ్చిన తమ్ముడు అంత్యక్రియలు జరిపించాడు. ఆస్పత్రిలో నర్సు "మీరేమవుతారు?" అని అడిగితే, ఆమె పక్కన కూర్చుని రాసిపెట్టేదాన్నని చెప్పాను.

గ్యాసు పొయ్యి తీసేయించి, పగటిపూట మనిషిని పెట్టి ఉంటే మరో ఆరు నెలలు ఇంట్లోనే ఉండేదేమో. తెలియదు. అడగడానికి ఆమె లేదు.

శనివారాలు ఆ బల్ల దగ్గర ఇప్పుడు నేనొక్కదాన్నే కూర్చుంటున్నాను. కొడుకులు, కూతుళ్ళు పెద్దవాళ్ళను చక్రాల కుర్చీల్లో తోసుకొస్తారు. "ఆయనకేం తెలీదండీ, మాకు చెప్పండి చాలు" అంటారు. నేను లేచి వెళ్ళి ఆ పెద్దాయన ముందు వంగి కూర్చుంటాను. ఎందుకు తీసుకొచ్చారో, ఏం చేయబోతున్నారో ఆయనకే చెబుతాను. మీకెలా ఉంది అని అడుగుతాను. కొందరు ఏడుస్తారు. కొందరు ఏమీ అనరు. పిల్లలు గడియారం చూసుకుంటారు. నేను మాత్రం ఆయన ముఖం వైపే చూస్తూ కూర్చుంటాను.